చిటికెన వేలు రెండోసారి వచ్చినప్పుడు: ఒక దస్తావేజు లేఖరితో ఎనిమిది నెలల తాళ సాధన

విజయనగరంలో గాత్ర సంగీతం నేర్పడం నా వృత్తి. తరవాతి రోజుల్లో కౌన్సెలింగ్ సైకాలజీ కూడా చదువుకున్నందువల్ల, 'ధ్యాస నిలవడం లేదు, పాట నేర్చుకుంటే బాగుపడుతుందా?' అని అడుగుతూ వచ్చే పెద్దవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు ఉంటారు. వారిలో ఒకరితో జులై నుంచి ఫిబ్రవరి వరకు చేసిన పనిని, ఆయన అనుమతితో, ఆయనను గుర్తుపట్టగల వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాను. ఫలితం నేను ఆశించిన చోట రాలేదు, వేరే చోట వచ్చింది. ఈ కేసును రాసిపెట్టాలనిపించడానికి కారణం కూడా అదే.

వచ్చిన ఇబ్బంది

ఆయనకు 54 ఏళ్లు. రిజిస్ట్రేషన్ కార్యాలయం దగ్గర ముప్ఫై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నారు. అందరూ 'రైటరు గారు' అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. బయటినుంచి చూసేవారికి ఆ పని నమూనాలో ఖాళీలు నింపడంలా కనిపిస్తుంది గాని, పూర్వపు దస్తావేజులోని సర్వే నంబరు, ఎకరాలూ సెంట్లూ, నాలుగు హద్దులు, కక్షిదారుల పేర్లు తండ్రి పేర్లతో సహా, ఆధార్ నంబర్లు అన్నీ ఒక్క అంకె కూడా తారుమారు కాకుండా కొత్తదానిలోకి ఎక్కించాలి. అదీ ఎదురుగా ముగ్గురు మాట్లాడుతుండగా, ఫోను మోగుతుండగా, రిజిస్ట్రేషనుకు కేటాయించిన స్లాట్ సమయం దగ్గర పడుతుండగా చెయ్యాలి.

అంతకుముందు ఏడాది వేసవిలో ఒక క్రయ దస్తావేజులో సర్వే నంబరు 147 బదులు 174 అని పడింది. ఆయన చూడలేదు, కొన్నవారు చూడలేదు, అమ్మినవారు చూడలేదు. ఆర్నెల్ల తరవాత కొన్నాయన అప్పు కోసం బ్యాంకుకు వెళితే అక్కడ బయటపడిందట. సవరణ దస్తావేజు రాయాల్సివచ్చింది. దానికి అమ్మినవారందరూ మళ్లీ సంతకాలు పెట్టాలి గనుక, చెన్నైలో ఉన్న వారి చెల్లెలిని కూడా రప్పించాల్సివచ్చింది. ఖర్చులన్నీ రైటరు గారే పెట్టుకున్నారు. 'డబ్బు పోయినందుకు కాదమ్మా, ఆ 174ని నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అది నాకు 147గానే కనిపించింది' అన్నారు. మొదటిరోజు ఆయన చెప్పినవాటిలో ఈ ఒక్క మాటను నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను.

పాట మొదలుపెట్టే ముందు

ధ్యాస తప్పుతోందని వచ్చిన ప్రతివారి చేతా సరిగమలు పాడించడం తప్పు. ముందు వైద్యుడి దగ్గరికి పంపాను. థైరాయిడ్, బి12, చక్కెర, రక్తపోటు చూశారు, వాటిలో ఇబ్బంది లేదన్నారు. కంటి పరీక్షలో మాత్రం దగ్గరి చూపు అద్దాల నంబరు మారింది. కొత్త కళ్లద్దాలు వచ్చాక రెండు వారాలు ఏమీ చెయ్యకుండా ఆగమన్నాను. అద్దాలతోనే సమస్య తీరిపోతే నా అవసరం ఉండదు, తీరకపోతే ఆ రెండు వారాల లెక్కే మాకు మొదటి కొలత అవుతుంది.

ఆ కొలతకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు ప్రతి డ్రాఫ్టునూ రెండోసారి చదువుతాడు. ఒక పొడుగాటి నోటు పుస్తకంలో రెండు గళ్లు గీసి, డ్రాఫ్టు తన చేతికి రాకముందే రైటరు గారు తమంత తాము దిద్దుకున్న తప్పులను ఒక గడిలో, తను పట్టుకున్నవాటిని రెండో గడిలో వెయ్యమన్నాను. కొత్త అద్దాలు వచ్చాక ఆ రెండు వారాల్లో 21 దస్తావేజులకు 21 తప్పులు తేలాయి. వాటిలో ఆయన పట్టుకున్నవి 4, కుర్రాడు పట్టుకున్నవి 17. కుర్రాడి 17లో సగానికి పైగా అంకెల తారుమారే. అంటే చూపు మెరుగైనా తప్పు అలాగే ఉంది.

చెవిలో పాట

నా దగ్గరికి వచ్చేలోపే ఆయన సంగీతంతో ఒక ప్రయోగం చేసివున్నారు. మెదడును చురుకు చేసే సంగీతమంటూ ఎవరో అమ్మిన ఒక ప్యాకేజీకి డబ్బు కట్టి, రోజూ రాత్రి పడుకునే ముందు వినేవారు. పగలు డ్రాఫ్టులు సరిచూసేటప్పుడు ఇయర్‌ఫోన్లలో పాత సినిమా పాటలు పెట్టుకునేవారు. అలా వింటుంటే గదిలో గోల వినపడదని, మనసు స్థిమితంగా ఉంటుందని ఆయన నమ్మకం. ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు కాస్త వివరంగానే చెప్పాను.

1993లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ కేంద్రంలో ఫ్రాన్సిస్ రౌషర్, ఆమె సహచరులు 36 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన చిన్న పరిశోధన 'నేచర్' పత్రికలో వచ్చింది. పాశ్చాత్య స్వరకర్త మోజార్ట్ రెండు పియానోలకు రాసిన సొనాటాను 10 నిమిషాలు విన్నాక, మడిచి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించే తరహా పరీక్షలో వారు కొంత మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. వ్యాసంలో ఉన్నది అంతే. అయినా ఆ మాట ఊళ్లు తిరిగి తిరిగి, పసిపిల్లలకు వినిపిస్తే తెలివి పెరుగుతుందనేదాకా వెళ్లింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్టులో 1,05,000 డాలర్లు అడిగారు. ఆ మరుసటేడే కెనడాలో నాంటే, షెలెన్‌బర్గ్ అనే పరిశోధకులు, సంగీతానికి బదులు కథ వినిపించినా, కథంటే ఇష్టమున్నవారికి అదే మెరుగు వస్తోందని చూపించారు. నచ్చింది విన్నప్పుడు మనిషి కాస్త హుషారుగా ఉంటాడు, హుషారుగా ఉన్నప్పుడు పరీక్ష కాస్త బాగా రాస్తాడు. మోజార్టుకు అందులో ప్రత్యేకమైన పాత్ర ఏదీ లేదు.

'అయితే నా డబ్బు పోయినట్టేనా?' అన్నారు. పోయినట్టేనన్నాను.

పగటిపూట పాటల విషయం అంతకంటే ముఖ్యం. అంకెలను చూసి రాసేటప్పుడు మనం వాటిని లోపల మాటగా పలుకుకుంటాం. 'నూట నలభై ఏడు' అని లోగొంతులో అనుకుని, ఆ ధ్వని మాసిపోయేలోపు కాగితం మీద పెడతాం. చెవిలో సాహిత్యమున్న పాట నడుస్తుంటే, ఆ మాటలు వెళ్లేదీ అక్కడికే, అంకె నిలవాల్సిందీ అక్కడే. గదిలో గోల తగ్గిందనుకున్నారు గాని, గోలను మరింత దగ్గరికి తెచ్చుకున్నారు. కాబట్టి నా మొదటి చికిత్స సంగీతాన్ని ఆపడం. సరిచూసేటప్పుడు ఇయర్‌ఫోన్లు తియ్యమన్నాను. రెండు రోజులు విసుక్కున్నారు, తరవాత అలవాటుపడ్డారు.

చెయ్యి ఒకటి, గొంతు ఒకటి

వినడం వల్ల కాకపోతే నేర్చుకోవడం వల్ల అవుతుందా అన్న ప్రశ్నకు కూడా జవాబు గొప్పగా ఏమీ లేదు. షెలెన్‌బర్గ్ 2004లో ఆరేళ్ల పిల్లలు 144 మందిని తీసుకుని, కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం 36 వారాలు నేర్పిస్తే, సంగీతం నేర్చుకున్నవారి ఐక్యూ మిగతావారికంటే స్వల్పంగా పెరిగింది. 2020లో సాలా, గోబె అనే ఇద్దరు అలాంటి పరిశోధనలు 54 కలిపి చూసి, పోలిక సరిగ్గా పెట్టిన చోట ఆ లాభం దాదాపు కనిపించడం లేదన్నారు. ఈ సంగతి ముందే తెలుసు గనుక, 'పాడితే తెలివి పెరుగుతుంది' అని రైటరు గారికి నేను మాట ఇవ్వలేదు. ఆయన తప్పు ఎక్కడ జరుగుతోందో, సరిగ్గా అలాంటి చోటే తాళంలో ఒక పని ఉంది, దాన్ని సాధన చేద్దామన్నాను.

కర్ణాటక సంగీతంలో మొదటి పాఠం నుంచే గొంతుకు ఒక పని, చేతికి ఒక పని ఉంటుంది. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే తొలి స్వర పాఠాలు, పాడుతూ ఆదితాళం వెయ్యాలి. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తరవాత రెండుసార్లు తట్టి తిప్పడం, మొత్తం ఎనిమిది క్రియలు, అంటే చేతి కదలికలు. ఒకటో కాలంలో క్రియకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. గొంతు వేగం పెరుగుతుంది, చెయ్యి మాత్రం అదే నడక నడవాలి. కొత్తగా నేర్చుకునే ప్రతివారికీ ఇక్కడే గండం, గొంతుతోపాటు చెయ్యి కూడా పరుగెత్తుతుంది. రైటరు గారు చిన్నప్పుడు రామమందిరంలో చిడతలు వాయించేవారట. అందుకని లయ కొత్త కాదు, శ్రుతి మీద గొంతు నిలపడం మాత్రం కొత్త. స్వరస్థానాల మీద నేను పట్టుబట్టలేదు, మా పని అది కాదు. రోజూ ఉదయం ఇంటి దగ్గర 20 నిమిషాలు, ఆదివారం నా దగ్గర ముప్పావుగంట, అదీ ఏర్పాటు.

మొదటి నెల చివర్లో ఆయనే ఒక మాటన్నారు: 'స్లాటు టైము దగ్గరపడినప్పుడు కక్షిదారులు తొందరపెడతారు కదమ్మా, అప్పుడు నా కన్ను కూడా ఇలాగే పరుగెడుతుంది. వాళ్ల వేగం నాది అయిపోతుంది.' నేను చెప్పని పోలిక అది.

రెండో నెలలో మౌన ఆవర్తనాలు పెట్టాను. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పాడాలి, తరవాతి ఆవర్తనం నోరు మూసుకుని చెయ్యి మాత్రం వెయ్యాలి, మళ్లీ సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద, అందుకోవాలి. అది కుదిరాక చెయ్యి కూడా ఆపి, లోపలే లెక్క నడిపి, సమం దగ్గర ఒక్క చప్పట్టు కొట్టాలి. బయటికి ఏమీ వినిపించని ఆ ఎనిమిది క్రియల వ్యవధిలో మనసు ఎటు పోయినా చప్పట్టు పడే చోట దొరికిపోతుంది. సంగీతంలోని ఈ గుణం నాకు చాలా విలువైనదనిపిస్తుంది. దస్తావేజులో తప్పు ఆర్నెల్లకు బయటపడుతుంది, తాళంలో ఆరు సెకన్లకు బయటపడుతుంది.

జంపె తాళం దగ్గర

మూడో నెలలో అలంకారాలకు, అంటే వేర్వేరు తాళాల్లో పాడే స్వర పాఠాలకు, వచ్చాం. తిశ్రజాతి త్రిపుట ఏడు క్రియలు, పెద్ద ఇబ్బంది లేకుండా వచ్చింది. మిశ్రజాతి జంపె దగ్గర ఆగిపోయారు. దానిలో మూడు భాగాలు: లఘువుకు ఏడు క్రియలు, అనుద్రుతానికి ఒకటి, ద్రుతానికి రెండు, వెరసి పది. ఏడు క్రియల లఘువు అంటే ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, బొటనవేలు లెక్కించి, మళ్లీ చిటికెన వేలికి రావాలి. చిటికెన వేలు రెండుసార్లు వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన చెయ్యి దాన్ని మొదటిసారిగా అనుకుని మళ్లీ ఉంగరపు వేలికి వెళ్లిపోయేది. గొంతు మాత్రం సరిగ్గానే నడుస్తుండేది. మూడుసార్లు చూసినా 174 ఆయనకు 147గానే కనిపించడం గుర్తొచ్చింది. తెలిసిన ఆకారం మరోసారి ఎదురైతే, ఉన్నది చూడడం మానేసి అలవాటైనది చూస్తున్నారు.

ఆ వారం నుంచి నేను తప్పుల సంఖ్యను రాసుకోవడం మానేసి, తప్పు జరిగిన క్రియకూ ఆయన 'అరె' అని ఆగిన క్రియకూ మధ్య దూరం రాసుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో ఆవర్తనం పూర్తయి స్వరం మిగిలిపోతేనో, చెయ్యి మిగిలిపోతేనో గాని తెలిసేది కాదు. మూడు వారాలకు అనుద్రుతం దగ్గరే ఆగేవారు. అయిదో వారానికి ఉంగరపు వేలు తాకగానే చెయ్యి గాలిలో నిలిచిపోయేది. తప్పు మాత్రం పోలేదు, ఎనిమిదో నెలలో కూడా పది ఆవర్తనాల్లో ఒకసారైనా అటు వెళ్లేవారు. తగ్గినదల్లా ఆ దూరమే.

ఇదే సమయంలో ఒక ప్రయోగం విఫలమైంది. అష్టావధానంలో ఘంటాగణనం ఉంటుంది కదా, ఎవరో అప్పుడప్పుడు గంట కొడుతుంటే అవధాని పద్యం అల్లుతూనే ఆ లెక్క గుర్తుంచుకుని చివర్లో చెబుతారు. మా ఊరి సంగీత కళాశాలకు 1919లో మొదటి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, అయిదింటితో అయిదు వేర్వేరు తాళాలు నడిపించేవారని విజయనగరంలో పుట్టినవాళ్లందరూ వింటూ పెరుగుతారు. ఆ ఉత్సాహంతో, రైటరు గారు సరళీ వరసలు పాడుతుంటే నేను మధ్యమధ్య చిన్న గంట కొట్టి లెక్క అడిగాను. రెండు ఆదివారాలు పూర్తిగా తడబడ్డారు, మూడో ఆదివారం రావడానికే వెనకాడారు. అవధానులకు చెల్లింది అందరికీ చెల్లదు, మానేశాను.

అవధానంలో నుంచి తీసుకున్న మరొకటి మాత్రం బాగా పనిచేసింది. అవధానికి సంబంధం లేని మాటలతో అడ్డుతగిలే అప్రస్తుత ప్రసంగి పాత్రను రైటరు గారి భార్యకు అప్పగించాం. ఆయన ఆదితాళంలో రెండో కాలం నడిపిస్తుంటే ఆవిడ వంటింట్లోంచి 'బీరకాయా, దొండకాయా?' అని అడుగుతారు. ఆయన చెయ్యి ఆపకుండా జవాబు చెప్పి, పాటను సమంలో అందుకోవాలి. మొదటి వారమంతా చెయ్యి ఆగిపోయేది, లేదంటే జవాబు వచ్చేది కాదు. ఆవిడకు ఈ ఆట చాలా నచ్చింది, ఒక్కోసారి అవసరం లేకపోయినా అడిగేవారట. ఆఫీసులో ఆయనకు ఎదురయ్యేది ఇదే పరిస్థితి కాబట్టి, సాధనలన్నిటిలోనూ దీని మీదే నాకు ఎక్కువ నమ్మకం.

బల్ల మీద

ఇంటి దగ్గరి సాధన ఆఫీసులోకి తనంత తాను నడిచి వస్తుందని అనుకోలేదు. అందుకని నాలుగో నెల నుంచి ఒక అలవాటు కలిపాం. సర్వే నంబరును 'నూట నలభై ఏడు' అని కాక, 'ఒకటి, నాలుగు, ఏడు' అని క్రియకు ఒక అంకె చొప్పున, బల్ల అంచు మీద వేళ్లు తాకిస్తూ, మెల్లగా పైకి చదవాలి. ముందు పూర్వపు దస్తావేజులోంచి, వెంటనే కొత్త డ్రాఫ్టులోంచి. ఆధార్ నంబరయితే నాలుగేసి అంకెలకు ఒక లఘువు, మూడు లఘువులు. హద్దులు కూడా అంతే, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, నాలుగు దెబ్బలు. ఎవరైనా మధ్యలో మాట్లాడితే జవాబు చెప్పి, వేలు ఎక్కడ ఆగిందో అక్కడినుంచి కాక, ఆ వరస మొదటినుంచి ఎత్తుకోవాలి.

అక్టోబరులో ఈ ఏర్పాటంతా దాదాపు తెగిపోయింది. దసరా, ఆ వెంటనే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, చుట్టాలు, పైగా మార్కెట్ విలువలు పెరుగుతాయన్న మాట పుట్టి రిజిస్ట్రేషన్లకు జనం ఎగబడడం, అన్నీ కలిసి మూడు వారాలు సాధన లేదు. ఆ వారాల పుస్తకం కుర్రాడు కూడా సరిగా నింపలేదు గనుక వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

నోటు పుస్తకం చెప్పినది

నవంబరులో రెండు వారాలకు మొత్తం 19 తప్పులు. ఆయన పట్టుకున్నవి 12, కుర్రాడు పట్టుకున్నవి 7. దస్తావేజుల సంఖ్య మొదటి కొలతకు అటూ ఇటుగా అంతే. నేను చూడాలనుకున్నది మొత్తం తగ్గడం, అది 21 నుంచి 19కి వచ్చింది, దాన్ని మార్పు అనలేను. కాని గళ్లు తారుమారయ్యాయి. తప్పులు అంతకుముందులాగే పడుతున్నాయి, ఆయన చెయ్యి దాటిపోయేలోపే దొరుకుతున్నాయి. జంపె తాళంలో చూసిన దూరం ఇక్కడా దగ్గరైంది.

ఇది తాళ సాధన వల్లనా, లేక అంకెలను విడివిడిగా పైకి చదవడం వల్లనా అన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. డిసెంబరులో రెండు వారాలు ఇంటి సాధన కొనసాగిస్తూ, బల్ల మీద చదవడం మాత్రం ఆపమన్నాను. ఆయన భయపడ్డారు, కుర్రాడు రెండో చదువు జాగ్రత్తగా చదువుతానని మాటిచ్చాక ఒప్పుకున్నారు. ఆ రెండు వారాల్లో 20 తప్పులు, ఆయన పట్టుకున్నవి 11, కుర్రాడు పట్టుకున్నవి 9. ఆ తొమ్మిదిలో ఏడు అంకెలే. అంటే అంకెల విషయంలో బల్ల మీద చదవడమే ఎక్కువ పని చేసిందని, హద్దులు, పేర్లు, విడిచిపెట్టిన వాక్యాలు వంటివాటిని పట్టుకోవడంలో ఆ అలవాటు లేకపోయినా ఆయన మెరుగ్గానే ఉన్నారని నాకు తోచింది. జనవరిలో మళ్లీ మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో చివరి కొలత: మొత్తం 16, ఆయన పట్టుకున్నవి 12, కుర్రాడికి మిగిలినవి 4.

ఒక్క మనిషి, ఒక్క నోటు పుస్తకం. లెక్క పెడుతున్నారని తెలిస్తే ఎవరైనా కాస్త జాగ్రత్తపడతారు, ఆ జాగ్రత్త ఎంతో, తాళం ఎంతో విడదీసే మార్గం నా దగ్గర లేదు. ఇయర్‌ఫోన్లు తియ్యడాన్ని విడిగా కొలిచివుండాల్సింది, జులైలో అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం నా పొరపాటు. అలాగే ఆయనకు ఇష్టమైన వ్యాపకం ఏదైనా, చదరంగమో పద్యాలు కంఠతా పట్టడమో, ఇంత క్రమంగా ఎనిమిది నెలలు చేయించివుంటే ఇదే ఫలితం వచ్చేదేమో అంటే, వచ్చేదేమో. అయితే తప్పిన క్షణాన్ని అంత తొందరగా, అంత స్పష్టంగా, ఎవరూ వేలెత్తి చూపకుండానే మనిషికి తెలియజెప్పే పని తాళం చేసినంత సులువుగా ఇంకేదైనా చేస్తుందా అన్నది నాకు అనుమానమే.

మారనివి కూడా ఉన్నాయి. కక్షిదారుల పేర్లు ఇప్పటికీ మరిచిపోతారు, సైకిలు తాళాలు ఎక్కడ పెట్టారో ఇప్పటికీ వెతుకుతారు. మూడో కాలం సరిగా రాలేదు, రాకపోయినా ఫరవాలేదన్నాను.

మార్చిలో ఒకరోజు పనిమీద నేనే ఆయన ఆఫీసుకు వెళ్లాను. ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. రైటరు గారు డ్రాఫ్టు చదువుతూ, వేళ్లు బల్ల అంచు మీద తాకిస్తూ, 'తూర్పు... దక్షిణం...' దాకా వచ్చి ఆగిపోయారు. చెయ్యి గాలిలోనే ఉంది. కళ్లద్దాలు పైకి తోసుకుని, 'పడమర హద్దు మీ పినతండ్రి గారి స్థలమా, పంచాయతీ రోడ్డా? పాతదాంట్లో ఒకటుంది, నేను ఇంకొకటి కొట్టాను' అన్నారు. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రైటరు గారు దిద్ది, మళ్లీ తూర్పు నుంచి మొదలుపెట్టారు.